జేబు

డాంపియర్, మార్చి నెల. బయట నలభై నాలుగు.
షెడ్డు లోపల ఏసీ చలిలో
పెట్టెల నిండా సముద్రం అడుగు:
ముంజేతి లావున రాతి దుంగలు,
మీటరుకో పెట్టె, పెట్టెకో నంబరు.

టీ బల్ల దగ్గర గ్లెనిస్ ట్రాంటర్
నారింజరంగు పనిచొక్కాకి జేబు కుడుతోంది.
అరవై మూడేళ్లామెకి. రాళ్లకి నీళ్లు కొట్టి, తుడిచి,
ఫోటోకి పడుకోబెట్టడంలోనే ఇరవై ఆరు పోయాయి.

కొత్తగా చేరిన డెక్లన్ అడిగాడు:
"భూమి చీలిన చోటల్లా గ్యాస్ ఉంటుందా?"
నేను రిపోర్టు భాషలో మొదలుపెట్టాను.
రెండో వాక్యానికే అతని కళ్లు ఫోన్ మీదికి జారాయి.

అప్పుడు వంట భాషలోకి దిగాను.
మా వృత్తిలోనూ దాన్ని వంటిల్లనే అంటాం:
బురదలో పూడిన ఆకులు, నాచు,
మీద రెండు మూడు కిలోమీటర్ల మట్టి,
కింద సన్నసెగ.
నేల సాగితే పలచబడుతుంది, పలచబడితే
లోపలి వేడి దగ్గరికొస్తుంది.
చీలిక ముట్టించిన పొయ్యి అది.

కానీ ఇంకా చీలుతూనే ఉన్న చోట
చాలాసార్లు వంట నిలవదు.
సెగ ఎక్కువై అడుగంటుతుంది,
మూత వేసిన ప్రతిసారీ
భూకంపం వచ్చి తీసి చూస్తుంది,
పగుళ్ల వెంట బుడగలు పైకెక్కి
ఏ చేపకీ చెప్పకుండా నీళ్లలో కలిసిపోతాయి.

ఇక చిన్న పలకలున్నాయే,
రెండు పెద్ద పలకల నడుమ ఇరుక్కున్నవి,
తిరగట్లో పడ్డ కందిగింజల్లా
ఇటు మాటా వినవు, అటు మాటా వినవు,
తమ చుట్టూ తామే తిరుగుతాయి.
ఒక అంచున లోయ తెరుచుకుంటుంటే
ఇంకో అంచు నలిగి ముడత పడుతుంది.
అక్కడ నా మ్యాపులు ఏడాదికోసారి తలదించుకుంటాయి:
ఉందన్న చోట ఉప్పునీళ్లు,
లేదన్న చోట పక్క కంపెనీ వాళ్ల జెండా.

గ్లెనిస్ సూది ఆపింది.
"మీ ఇండియా కూడా ముక్కలు పారేసుకుపోయిందిగా ఇక్కడ?"

నిజమే. పెర్త్‌కి పడమర, చాలా దూరాన
మునిగి ఉన్న రెండు గుట్టలు.
ఇండియా ఈ తీరాన్ని విదిలించుకుపోయేటప్పుడు
దాని వెంట కొంత నడిచి,
చీలిక దారి మార్చుకోగానే
నడిసంద్రంలో దిగబడిపోయినవి.
ఓడవాళ్లు అడుగు గీరి లాగిన రాళ్లలో ఒక తునక
ఒకసారి నా చేతిలో పెట్టారు.
గదంతా నా మొహం వైపే చూసింది,
కన్నీరొస్తుందేమోనని.
నాకు బరువే తెలిసింది, కాస్త గరుకు.
పదమూడు కోట్ల ఏళ్ల కిందట ఎవరిదీ కానిదాన్ని
మా ఊరి రాయని ఏ మొహంతో అనను?
బయటికొచ్చాక మాత్రం
ఎవరూ చూడకుండా అరచెయ్యి వాసన చూసుకున్నాను.

"మరి ఇక్కడెందుకుంది?" డెక్లన్ వదల్లేదు.

జవాబు గ్లెనిసే చెప్పింది,
పాత చొక్కా చేతిని టర్రున సగం దాకా చింపి:
"చివరికంటా చింపితే రెండు పీలికలు.
సగంలో ఆపి అడుగు కుట్టేస్తే జేబు."

అంతే మరి. ఈ ఒడ్డు పక్కన మొదట చీలబోయింది నేల,
ఎందుకో మానుకుంది.
తెగే పని ఇంకా పడమరకి జరిగి అక్కడ తెమిలింది.
ఇక్కడ మిగిలిన సగం చిరుగులో
చిరగక ముందే ఏదో నది తెచ్చిన ఇసుక,
పైన సముద్రం తీరిగ్గా పరిచిన బంకమట్టి,
తీసి చూసేవాళ్లు లేని మూత.
మేమొచ్చేదాకా.

షెడ్డు తలుపు తీస్తే ప్లాంటు మంట.
కంచె అవతలి ఎర్రరాళ్ల మీద
ఎప్పుడో ఎవరో చెక్కిన తాబేలు
ఆ వెలుగులో కాలు కదిపినట్టుంది.
ఈ నేల పాత మనుషులు ఈ చోటుని మురుజుగ అంటారు.
నా మ్యాపులో దానికి ఓ నంబరుంది.
రెండూ ఒకటి కావని నాకు తెలుసు.

గ్లెనిస్ దారం పంటితో కొరికింది.
జేబులో పెన్సిల్ ఒకటి వేసి,
చొక్కాని తలకిందులు చేసి
గట్టిగా రెండుసార్లు దులిపింది.
పడలేదు.
మూడోసారి దులపబోయి, ఎందుకో ఆగింది.